వేడెక్కితే మొరాయించే కారులో ప్లేనో నుంచి టల్సా దాకా

ఈ ప్రయాణం జరిగి రెండేళ్లు దాటింది. అప్పుడే రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, నాకు అప్పటికి అక్షరాలు రావు. చీరాల బస్టాండు పక్కన ముప్పై ఏళ్లు టిఫిన్ బండి నడిపినదాన్ని. సంతకం పెట్టాల్సిన చోటల్లా వేలిముద్ర వేశాను. తమ్ముడు శేఖర్ పెట్టిన గ్రీన్‌కార్డు పిటిషన్ పద్నాలుగేళ్లకు కదిలి అమెరికా వచ్చాక, ప్లేనోలో ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పే క్లాసుకి పునుగులు చేసి పట్టుకెళ్లేదాన్ని. ఖాళీ గిన్నె చేతికొచ్చేదాకా వెనక కుర్చీలో కూర్చునేదాన్ని. అలా కూర్చుని కూర్చుని అరవై దాటాక అ ఆలు నేర్చుకున్నాను. వత్తులు మొన్నమొన్ననే కుదిరాయి.

ఈలోగా శేఖర్ ఈ కథను కనిపించిన ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ తనకు నచ్చినట్టు చెప్పుకుంటూ వచ్చాడు. అతని కథలో కారు దారిలో ఒక్కసారే ఆగుతుంది, జబ్బు అతనే కనిపెడతాడు, నేను వెనక సీట్లో నిద్రపోతూ ఉంటాను. నేను వెనక సీట్లో కూర్చోనే లేదు. నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. కనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ప్లేనో

శేఖర్ నాకంటే పదకొండేళ్లు చిన్న. అప్పుడు యాభై ఒకటి. ఇరవై ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాక ఆ మార్చిలో అతన్ని లేఆఫ్ చేశారు. ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో అతను చేసింది ఒక్కటే పని. గరాజ్‌లో ఏళ్ల తరబడి విప్పి పడేసి ఉన్న అరవై ఎనిమిదో సంవత్సరపు కారును బిగించాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజిను, మజ్జిగ రంగు, మా పాత ఇంటి వసారా అంత పొడుగు. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు గనక.

టల్సా శివార్లలో డార్లీన్ అనే ఆవిడ పాత కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతుంది. ఆవిడకు పనివాడు కావాలని తెలిసి శేఖర్ ఫోన్ చేశాడు. "నువ్వు కట్టిన కారు తీసుకురా, చూస్తాను. ట్రైలర్ మీద కాదు, నడుపుకుంటూ రా. శుక్రవారం రెండింటికి," అన్నదట. ఆ పని దొరికితే వారం వారం నాలుగు గంటల్లో ఇంటికొచ్చి పోవచ్చు. దొరక్కపోతే విమానమెక్కి వెళ్లాల్సినంత దూరాన ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. అన్నీ రాత్రి షిఫ్టులు, ఎవరి బేస్‌మెంట్‌లోనో ఒంటరి కాపురం. దానికి సోమవారంలోగా జవాబు చెప్పాలి.

మా మరదలు వసంత అతనికి ఎదురుగానే చెప్పేసింది. "ఈ ఒక్క ఛాన్స్ తీసుకో. ఆవిడ నో అంటే మండే మార్నింగ్ ఆష్‌బర్న్‌కి ఎస్ చెప్పేయాలి. ఇంకెప్పుడూ నా దగ్గర కార్ టాపిక్ తేవద్దు."

తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచింది. "వదినా, మీరు కూడా వెళ్లండి. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు మీరే నాకు చెప్పాలి. ఈయన వెర్షన్ నాకొద్దు."

"నాకు వచ్చే ఇంగ్లీషు ఎంతమ్మా?"

"మొహం చూస్తే తెలీదా మీకు? ముప్పై ఏళ్లు కస్టమర్లని చూశారుగా."

అలా సాక్షి ఉద్యోగం మీద గురువారం పొద్దున బయల్దేరాను. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ పెట్టుకున్నాను. ఆ కార్లో ఏసీ లేదు. సెప్టెంబరు టెక్సస్ ఎండ గురించి తెలియనివాళ్లు మే నెల చీరాలను తలుచుకుంటే చాలు. హైవే ఎక్కి అరగంటయ్యాక శేఖర్ గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఒక చిన్న ఇష్యూ ఉంది."

"ఏందిరా?"

"చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుద్ది. వేడెక్కాక ఆపామనుకో, ఇంక ఒక గంట దాకా కదలదు. హాట్ రీస్టార్ట్ ప్రాబ్లం అంటారు. అందుకని మనం ఎక్కడా ఇంజిన్ ఆఫ్ చెయ్యం. నేను బాత్రూంకి వెళ్తే నువ్వు కార్లో కూర్చోవాలి. నువ్వు వెళ్తే నేను కూర్చుంటా."

"వసంతకి తెలుసా ఇది?"

"టెన్షన్ పడుద్దని చెప్పలా."

మూడు నెలలుగా ఆ జబ్బు ఉందట. బ్యాటరీ మార్చాడు, స్టార్టర్ మార్చాడు, కాయిల్ మార్చాడు, పెట్రోల్ పంపు మార్చాడు. ఏది ఎప్పుడు మార్చాడో లాప్‌టాప్‌లో పెద్ద పట్టిక కట్టి, గళ్లకు రంగులు కూడా వేశాడు. ఒకేసారి రెండేసి, మూడేసి మార్చాడు. కూరలో ఉప్పూ కారం పులుపూ ఒకేసారి పోసేసి, రుచి ఎందుకు చెడిందో పట్టిక చూసి చెబుతానంటే ఎవరు నమ్ముతారు?

డ్యురాంట్

ఎర్ర నది దాటితే ఓక్లహామా. నది నీళ్లు నిజంగానే ఎర్రమట్టి రంగు. దాటి డ్యురాంట్ చేరేసరికి పెట్రోలు ముల్లు కిందికి వాలింది. ఇంజిను ఆపకూడదని అతను, ఆపకుండా పెట్రోలు పోయకూడదని బంకు గోడ మీద బొమ్మ. బొమ్మే గెలిచింది. గ్యాలను మూడు డాలర్లలోపు దొరికిందని అతను సంతోషించినంత సేపు కూడా పట్టలేదు, తాళం తిప్పితే ఇంజిను గిర్రుగిర్రుమని తిరగడమే గాని అందుకోలేదు.

అప్పుడు చూశాను అతని కుడికాలు. తాళం తిప్పేముందు యాక్సిలరేటరును టకటకా మూడుసార్లు తొక్కాడు. అందుకోకపోతే ఇంకో మూడు. ఆ అలవాటు నాకు తెలుసు. చీరాలలో అంబాసిడర్ టాక్సీ నడిపే మా పెదనాన్న కొడుకు పక్కన కూర్చుని డ్రైవింగు నేర్చుకున్న వాళ్లందరి కాలికీ ఉంది. కారంతా పచ్చి పెట్రోలు వాసన కొట్టింది.

"ఒరే, అది తాగలేక కక్కుతుంటే నువ్వు ఇంకా పోస్తన్నావు. నూనె ఎక్కువై ఆరిపోయిన పంపుస్టవ్‌కి ఇంకా పంపు కొడతారా ఎవరన్నా? కాలు తియ్యి."

"అక్కా, ఇది స్టవ్ కాదు. వీ ఎయిట్."

"ఎనిమిది స్టవ్‌లు అనుకో."

వినలేదు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కారును పక్కకు తోసిపెట్టారు. ఈ దేశంలో ఇది నాకు నచ్చే సంగతి. మనవైపు బండి ఆగితే పదిమంది చుట్టూ చేరి ఎందుకు ఆగిందో చెబుతారు. ఇక్కడ ఇద్దరే వస్తారు, తోసి, టోపీ సర్దుకుని, ఏమీ చెప్పకుండా పోతారు. చెప్పేవాళ్లు దొరకరనే కొరత తీర్చడానికి నేనున్నాను.

గంటసేపు బంకులోని కొట్లో కూర్చున్నాం. కౌంటర్లో పెద్దావిడ చోక్టా అనే ఇక్కడి ఆదివాసీ తెగ మనిషి. "హలీటో" అని పలకరించింది. వాళ్ల భాషలో నమస్కారమట. నేను నమస్కారం అన్నాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసి, నాకంటే బాగా అన్నది. అద్దాల పెట్టెలో ‘ఫ్రైడ్ పై’ అని నూనెలో వేయించిన పిండివంట అమ్ముతున్నారు, ఒక్కోటి మూడున్నర డాలర్లు. చేతిలోకి తీసుకుంటే అచ్చం మన కజ్జికాయ. అదే అర్ధచంద్రం, అదే ఉబ్బు. లోపల కొబ్బరి బదులు ఆప్రికాట్ గుజ్జు. అంచు ఫోర్కుతో నొక్కారు గాని చేత్తో మెలితిప్పలేదని సైగతో చెప్పాను. ఆవిడ మెషిన్ నొక్కినట్టు సైగ చేసి పెదవి విరిచింది. మా ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది. శేఖర్ మాత్రం లాప్‌టాప్ తెరిచి, డ్యురాంట్ అని ఒక కొత్త వరస రాసుకుని, దానికి ఎర్రరంగు పూశాడు.

అటోకా దాటాక

రోడ్డు బాగుచేస్తూ ఒకవైపు బళ్లు ఆపారు. కదలని వరసలో పావుగంట నిలబడేసరికి కారు తనంతట తనే ఆగిపోయింది. ఈసారి ఇంజిను ఎవరూ ఆపలేదు కనక తిట్టడానికి మనిషి దొరకలేదు. అయినా తిట్టాను.

మా వెనక గడ్డిమోపుల లారీ. దాన్ని నడిపే ముసలాయన దిగొచ్చి బానెట్ కింద తల పెట్టి చూసి, మళ్లీ తన లారీ దగ్గరికి వెళ్లి మూడు చెక్క క్లిప్పులు తెచ్చాడు. బట్టలు ఆరేసుకునేవి. వాటిని పెట్రోలు వెళ్లే సన్నటి ఇనప గొట్టానికి వరసగా తగిలించాడు. వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుందని, చెక్క వేడిని లాగేస్తుందని వాళ్ల నాన్న చెప్పాడట.

"ఇది నిజంగా పని చేస్తుందా అని అడుగు," అన్నాను.

శేఖర్ అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి ఏదో అన్నాడు.

"ఏమంటాడు?"

"చెయ్యకపోయినా బట్టలారేసుకోవచ్చు అంటున్నాడు."

అమెరికా వచ్చి నాలుగేళ్లయినా చెక్క క్లిప్పు చూడటం అదే మొదలు. మా ప్లేనో వీధిలో ఎండ అంతా వృథాగా పోతుంది, బట్టలు మాత్రం కరెంటు మిషన్లో ఆరతాయి. దండెం కడితే తీసెయ్యమని కాలనీవాళ్లు ఉత్తరం పంపుతారు. వాళ్ల ఆవిడ ఇంకా దండెం మీదే ఆరేస్తుందని తెలిసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. క్లిప్పులు మాత్రం పని చెయ్యలేదు. ముప్పావుగంట ఆగాక చల్లబడి, నల్లటి పొగ కక్కి స్టార్ట్ అయింది. ఆ క్లిప్పులు అలాగే ఉంచేశాడు శేఖర్, పట్టికలో ఒక వరస కూడా ఇచ్చాడు.

మెక్‌ఆలెస్టర్

ఇలాగే ఇంకో రెండుచోట్ల ఆగి, నాలుగు గంటల దారికి రోజంతా పట్టి, సాయంత్రానికి మెక్‌ఆలెస్టర్ దాకా మాత్రమే చేరాం. రోడ్డు పక్క మోటెల్, గది డెబ్బై డాలర్లు. ఓనరు గుజరాతీ ఆవిడ, పేరు హంసాబెన్, నా వయసే. నా బస్టాండు హిందీ, ఆవిడ సూరత్ హిందీ కలిసి బాగానే నడిచాయి.

గదిలోకి వెళ్లగానే వసంత ఫోన్. "టల్సా చేరారా వదినా?"

ఫోన్ తమ్ముడికి ఇచ్చేశాను. నీ అబద్ధం నువ్వే చెప్పుకో అన్నాను, ఆవిడకు వినపడకుండా.

"అక్కకి నడుం నొప్పి అంటే హాల్ట్ చేశాం," అన్నాడు నా మొహంలోకి చూస్తూనే.

నడుం నొప్పి లేని మనిషినని వసంతకు తెలుసు. మూడంతస్తుల ఇడ్లీ పాత్ర ఇప్పటికీ ఒక్కదాన్నే దించుతాను. ఆ రోజు మటుకు అతనితో మాట్లాడటం మానేశాను. పక్క హోటల్లో బెండకాయలు మొక్కజొన్న పిండిలో ముంచి వేయించి పెట్టారు, వాటిని ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. బెండకాయ జిగురు పూర్తిగా పోగొట్టడం ఎలాగో వాళ్లకు తెలుసు. ఉప్పు వెయ్యడం తెలియదు.

పొద్దున్నే హంసాబెన్ తన వంటింట్లోకి పిలిచింది. తెప్లాలనే మెంతికూర రొట్టెలు కాలుస్తూ, ఒక పక్క టీ మరిగిస్తోంది. టీ పొంగగానే నేను అల్యూమినియం గిన్నెను కొంగుతో పట్టుకుని దించబోతే, ఆవిడ గబుక్కున ఒక చెక్కపలక తోసింది. గట్టు ప్లాస్టిక్కుదట, వేడి గిన్నె పెడితే పొంగి లేస్తుందని. టీ తాగి గిన్నె ఎత్తాక ఊరికే ఆ పలక అడుగున చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

వెంటనే బయటికెళ్లి శేఖర్‌ని బానెట్ ఎత్తమన్నాను. ఇంజిను మీద పెట్రోలు, గాలి కలిపే డబ్బా కూర్చుని ఉంటుంది, కార్బురేటర్ అంటారు. కార్బురేటర్‌కీ ఇంజినుకీ మధ్య రెండంగుళాల మందాన తళతళలాడే దిమ్మ ఒకటి ఉంది.

"ఇదేంటి?"

"స్పేసర్. ఆన్‌లైన్‌లో కొన్నా. పర్ఫార్మెన్స్ పార్ట్ అది."

"ఏం లోహం?"

"అల్యూమినియం."

"పాతది ఏం ఉండేది అక్కడ?"

"ఏదో నల్లటి చెక్కముక్క లాంటిది. బీటలు తీసి జిడ్డుగా ఉంటే పారేశా."

"మరుగుతున్న గిన్నె కింద అల్యూమినియం పెట్టావురా నువ్వు. కింద వేడంతా పైకెక్కి పెట్రోలు మరగక ఏం చేస్తుంది? అక్కడ చెక్క లాంటిది ఉండాలి."

"అక్కా, ఫోరంలో నలుగురు ఎక్స్‌పర్ట్స్ దాన్ని రెకమెండ్ చేశారు."

"వాళ్లు ఎప్పుడన్నా టీ పెట్టారా?"

అతను బానెట్ దించాడు. నేను హంసాబెన్‌కి నాతో ఉన్న గోంగూర పచ్చడి సీసా ఇచ్చేశాను. ఆవిడ పది తెప్లాలు రేకు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎవరికి ఎక్కువ లాభమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఓక్మల్గీ

ఊళ్లోకి వస్తుండగా ఎదురుగా లైట్లు వేసుకుని కార్ల వరస ఒకటి మెల్లగా వస్తోంది. ముందు నల్లటి పొడుగాటి బండి. శవయాత్ర. మనవైపు శవం వెళ్తుంటే హారన్ కొట్టి దారి చేసుకుని పోయే బస్సులు చూశాను. ఇక్కడ మా ముందు వెళ్లే బళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి రోడ్డు పక్కకు తీసి ఆగిపోయాయి. ఒకాయన దిగి టోపీ తీసి నిలబడ్డాడు. పోయిన మనిషి ఎవరో వాళ్లకూ తెలియదట, అయినా ఆగుతారు. నాకు చాలా మర్యాదగా అనిపించింది.

శేఖర్‌కి కూడా అనిపించింది. మన ఇంజిను గుడగుడ చప్పుడు శవయాత్రలో బాగుండదని తాళం తిప్పి ఆపేశాడు.

నేను అతని మొహం చూశాను. ఏం చేశాడో అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

చివరి కారు కూడా వెళ్లిపోయింది. ఆగిన బళ్లన్నీ కదిలాయి. మేము కదల్లేదు. గిర్రుగిర్రు, టకటకా మూడు తొక్కుళ్లు, పెట్రోలు వాసన. పన్నెండున్నర దాటింది. రెండింటికి డార్లీన్ దగ్గర ఉండాలి. శేఖర్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

"ఫోన్ చేసి చెప్పు ఆవిడకి," అన్నాను.

"ఏమని చెప్పను? నేను కట్టిన కార్ స్టార్ట్ అవలేదనా? ఆష్‌బర్న్‌కే వెళ్తాలే అక్కా. వాళ్లకి ఎస్ చెప్పేస్తా."

యాభై ఒక్కేళ్ల మనిషి ఆ గొంతుతో మాట్లాడితే తిట్టాలో ఊరుకోవాలో తెలియదు. తెప్లా ఒకటి చేతిలో పెట్టాను. తిన్నాడు.

శ్మశానంలో పని ముగించుకుని తిరిగొచ్చే కార్లలో ఒకటి మా పక్కన ఆగింది. నల్లకోటు వేసుకున్న లావుపాటి ఆయన దిగాడు. పోయింది వాళ్ల మేనమామట. మేము కూడా మేనమామ కోసం ఆగామనుకున్నాడు, సంతోషించి చెయ్యి కలిపాడు. తర్వాత శేఖర్ తాళం తిప్పడం ఒకసారి చూసి, కిటికీలోంచి అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

పంపు కొట్టడం ఆపు, అన్నాడట. పెడల్ పూర్తిగా నేలకు తొక్కి పెట్టు, మళ్లీ కదపకు, తాళం తిప్పుతూనే ఉండు. లోపల ఎక్కువైన పెట్రోలు గాలికి పోతుంది.

అలా చేస్తే పది లెక్కపెట్టేలోగా దగ్గి, వణికి, నల్లపొగతో స్టార్ట్ అయింది. నల్లకోటు మీద కాస్త మసి పడింది. ఆయన దులుపుకుని వెళ్లిపోయాడు.

"నిన్న డ్యురాంట్‌లో ఈ మాటే చెప్పాను," అన్నాను.

"నువ్వు స్టవ్ అని చెప్పావ్."

డార్లీన్ షెడ్డు

గంటన్నర ఆలస్యంగా చేరాం. డార్లీన్ అరవై దాటిన మనిషి, మగవాళ్ల ఓవరాల్స్, తెల్లజుట్టు రబ్బరుబ్యాండుతో కట్టుకుంది. ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. "ఇంజిన్ ఆపి లోపలికి రండి," అన్నది. శేఖర్ ఆపాడు, ఆపక ఏం చేస్తాడు.

లోపల కాఫీ పోసింది, పాలు లేని నల్లకాఫీ. షెడ్డంతా తిప్పి చూపించింది. లిఫ్టుల మీద నాలుగు కార్లు. ఏ కారులో ఏం పాడైందో నింపాదిగా చెబుతోంది. గోడ గడియారం కేసి రెండుసార్లు చూసింది. బేరమాడేవాళ్లు జేబు తడుముకోవడం ఎన్నిసార్లు చూడలేదు నేను. ఆ చూపు అర్థమైంది. ఆవిడ కాఫీ కోసం కూర్చోబెట్టలేదు, ఆపిన ఇంజిను వేడి పైకెక్కి, జబ్బేదన్నా ఉంటే బయటపడేదాకా కూర్చోబెట్టింది.

ఇరవై నిమిషాలయ్యాక కప్పు కింద పెట్టి అన్నది, "సరే, దాన్ని లోపలికి తీసుకురా."

శేఖర్ లేచి నిలబడ్డాడు. అతనికి ఇప్పుడు చిట్కా తెలుసు. నేలకు తొక్కి పెడితే స్టార్ట్ అవుతుంది, పొగ వస్తుంది, పాత కార్లన్నీ అంతే అనుకోవచ్చు. నా వైపు చూశాడు. నేను సాక్షిని, కాఫీ తాగుతూ కూర్చున్నాను.

అతను వెళ్లకుండా నిలబడి చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. నాకు అర్థమైనంత ఇది: వేడి మీద ఇది స్టార్ట్ అవదు. ఇప్పుడు ఒక ట్రిక్‌తో స్టార్ట్ చెయ్యగలను, అది ఇవాళ మధ్యాహ్నం ఒకాయన నేర్పాడు. ట్రిక్ తెలుసు గాని జబ్బు ఏంటో నాకు తెలియదు. మూడు నెలలుగా తెలియదు.

కట్టుకున్న భార్యకు మూడు నెలలు దాచినవాడు, దాచుకోవాల్సిన చోట మొత్తం కక్కేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. డార్లీన్ మొహం చూశాను. ఆ మొహంలో కోపం లేదు.

బయటికొచ్చి బానెట్ ఎత్తింది. బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంది. ఏమేం మార్చావని అడిగింది. శేఖర్ లాప్‌టాప్ తెరిచాడు. ఆవిడ ఒక్క వేలితో మూత దించేసింది.

ఇంక ఆగలేకపోయాను. నా కాఫీ కప్పు పక్కన పెట్టి, ఆ తళతళలాడే దిమ్మ చూపించి, "అల్యూమినియం," అన్నాను. చేతిని దాని దగ్గరికి తీసుకెళ్లి కాలినట్టు వెనక్కి లాక్కున్నాను. తర్వాత కార్బురేటర్ చూపించి, గిన్నెలో నీళ్లు మరిగే చప్పుడు నోటితో చేశాను.

డార్లీన్ నన్ను పైనుంచి కిందికి చూసింది. శేఖర్ని ఏదో అడిగింది. శేఖర్ గొణిగాడు, అక్క టిఫిన్లు వండేది అని కాబోలు. ఆవిడ నవ్వి ఒక మాట అన్నది. అతను దాన్ని నాకు తర్జుమా చెయ్యలేదు. మీ అక్కకి ఉద్యోగం కావాలేమో అడుగు అన్నది, నాకు అర్థమైంది.

తర్వాత నవ్వు ఆపి అతనితో చెప్పింది. పాడవని వాటన్నిటినీ మార్చావు, నువ్వు తెచ్చి పెట్టినదాన్ని మాత్రం వదిలేశావు. పాత నల్లదిమ్మ లాంటిది నా డబ్బాలో ఉంది. రేపు ఏడింటికి రా. అది ఒక్కటే మార్చాలి, ఇంకేదీ ముట్టుకోకూడదు. వేడి మీద స్టార్ట్ అయితే ఉద్యోగం మాట మాట్లాడదాం. అవకపోతే నీ దారి నీది.

శనివారం పొద్దున

ఏడింటికి పది నిమిషాల ముందే షెడ్డు మెట్ల మీద ఉన్నాం. శేఖర్ కార్బురేటర్ విప్పి, అల్యూమినియం దిమ్మ తీసి, నల్లది పెట్టి బిగించాడు. డార్లీన్ చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది, ఒక్క పానా కూడా అందివ్వలేదు. తొమ్మిదిన్నరకు పని అయింది. అరగంట ఊరి బయట తిప్పుకొచ్చాం. ముల్లు వేడి గీత దాకా వచ్చాక షెడ్డు ముందు ఆపాడు. గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు ఆగాం.

శేఖర్ వెళ్లి కూర్చున్నాడు. తాళం మీద చెయ్యి పెట్టగానే కుడికాలు లేచింది. ముప్పై ఏళ్ల అలవాటు, అతనికి తెలియకుండానే లేస్తుంది. డార్లీన్ తలుపు తెరిచి దిగమన్నది. నన్ను కూర్చోమని చూపించింది.

నాకు డ్రైవింగు రాదని తల అడ్డంగా ఊపాను. అందుకే, అన్నది డార్లీన్ శేఖర్‌తో.

అది వెడల్పాటి బెంచీ సీటు. కాళ్లు పెడళ్లకు దూరంగా ఉండాలని రెండూ పైకి మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అతను కిటికీ పక్కన నిలబడి ఎటు తిప్పాలో చూపించాడు. సోమవారం ఎక్కడికి వెళ్తాడో ఆ తాళం చెబుతుంది. తిప్పాను.

రెండు చుట్లకే అందుకుంది. పొగ లేదు, వాసన లేదు. ఎనిమిది స్టవ్‌లూ ఒకే మంటతో వెలిగినట్టు సాఫీగా తిరిగింది.

డార్లీన్ తల ఊపి, "మండే. సెవెన్," అన్నది. శేఖర్ వెళ్లి పాత టైర్ల దొంతి మీద కూర్చుని మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. తర్వాత వసంతకు చేద్దామని జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఫోన్ లోపల పెట్టు," అన్నాను. తాళం వెనక్కి తిప్పి ఇంజిను ఆపేశాను.

డార్లీన్ ఎందుకని చేతితో అడిగింది.

"ఒక్క వాయి బాగా వచ్చిందని పిండి మంచిదని చెప్పం. ఇంకో ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ తిప్పుతానని చెప్పు," అన్నాను తమ్ముడితో. "తర్వాత వసంతకి నేను చెప్తా."

అతను చెప్పాడు. డార్లీన్ స్టూలు లాక్కుని కూర్చుంది. నేను కాళ్లు దించకుండా, తాళం మీద చెయ్యి తియ్యకుండా, తెరిచిన షెడ్డు తలుపులోంచి గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.